ఈదమ్మ గొంతుకు ఒక మేస్త్రీ

మిషన్ గదిలో పాత డిస్కు సోమవారం పొద్దుటి నుంచి కొత్త చప్పుడు చేస్తోంది. తిరిగే చప్పుడు వేరు, వెతికే చప్పుడు వేరు. ఆ రెండూ నాకు తెలుసు. అటెండరుగా ఇరవై ఏళ్లు దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. పెన్షనులోకి వెళ్లాక కూడా రోజూ వచ్చి దుమ్ము తుడిచి పోతున్నాను. ఇది ఆ రెండూ కాదు. బండి చక్రం రాయి ఎక్కి దిగినట్టు, మళ్లీ ఎక్కి దిగినట్టు ఉంది.

వెళ్లి నుస్రత్ మేడానికి చెప్పాను.

"చచ్చిపోయేటట్టుంది మేడం."

"ఎవరు?" ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"డిస్కు."

"అల్లా! జంగయ్య కాకా, జెర పేరు ముందు చెప్పరాదా!" అని కూర్చుంది. కూర్చుని ఒక నిమిషం ఆలోచించుకుంది. మళ్లీ లేచింది. ఆ డిస్కు పోతే మా ఈదమ్మ మాట పోతుంది.

ఈదమ్మ నా భార్య. ఇరవై ఒక్క ఏళ్ల కిందట గొంతులో పుండు లేచి, పెద్దాసుపత్రిలో మాటపెట్టె మొత్తం కోసి తీసేశారు. ఊపిరికి మెడ ముందు ఒక రంధ్రం మిగిలింది. పెదవులు కదిలేవి, నాలుక ఆడేది, శబ్దం లేదు. అప్పుడు మా పరిశోధన కేంద్రంలో పద్మనాభం సారు ఒక పట్టీ తయారు చేస్తున్నారు. మనిషి మాట అనుకోగానే మెడలో, దవడ కింద సన్నని కండలు కదులుతాయట, శబ్దం వచ్చినా రాకపోయినా. పట్టీలో ఉన్న రాగి చుక్కలు ఆ కదలికను పట్టి తీగలో పంపుతాయి. ఈ మిషను దాన్ని తన దగ్గరున్న పెద్ద పట్టికలో వెతికి, అది ఏ మాటో తేల్చి, డబ్బాలోంచి పలుకుతుంది. పలికేది ఈదమ్మ గొంతే. కోతకు ముందు ఆరు రోజులు సారు ఆమెను ఎదుట కూర్చోబెట్టుకుని, తోచిందల్లా మాట్లాడమని, అంతా రికార్డు చేసుకున్నారు. ఆమె ఆరు రోజులూ ఆపలేదు. సారే అలిసిపోయారు.

మేము కేంద్రం ప్రహరీలోపల క్వార్టర్లో ఉంటాం. మిషన్ గది నుంచి మా ఇంటి దాకా స్తంభాల మీద తీగ లాగారు. ఆ తీగ కోసమే నా పెన్షను తర్వాత కూడా క్వార్టర్ ఖాళీ చేయించలేదు. తీగ ఎంత దూరమో ఆమె మాట అంత దూరం.

అంతకు ముందు ఈదమ్మ గంప నెత్తిన పెట్టుకుని హబ్సిగూడ గల్లీల్లో ఆకుకూరలు అమ్మేది. ఆమె కేకను బట్టి జనం పొయ్యి మీద ఎసరు పెట్టుకునేవాళ్లు. తీగ వచ్చాక గల్లీలు పోయాయి.

పద్మనాభం సారు పోయి తొమ్మిదేళ్లు. నుస్రత్ మేడం ఆయన శిష్యురాలు. ఆ పట్టీ మీద ఇంకెవరికీ ఆసక్తి లేదు. కొత్త గదుల్లో కొత్త పనులు వచ్చాయి. సారు రాసిన ప్రోగ్రాము మిషనులో నడుస్తోందే గాని, రాసుకున్న అసలు కాగితాలు దొరకలేదు. వండిన కూర ఉంది, ఎలా వండారో ఎవరికీ తెలియదు.

మంగళవారం నాటికి మేడం కోఠిలో పాత సామాను దుకాణాలు తిరిగి మూడు డిస్కులు తెచ్చింది.

"ఇవి దొరుకుడు పెద్ద కష్టం కాలేదు కాకా. లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాలె, అదే తలనొప్పి."

"ఉన్నదే పెట్టండి."

"ఉన్నదంటే ఈ మిషన్ చేసిన కంపెనీది. ఆ కంపెనీయే లేదిప్పుడు. రేపు ఇంకో పార్టు పోతే కొత్త పార్టును ఆ సిస్టమ్ గుర్తుపట్టదు. అప్పుడు పెద్దమ్మ మాట అక్కడితో బంద్."

నేను అడిగాను, ఆ సిస్టమ్ చేసే పనేమిటని. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. స్విచ్చులు ఏ వరసలో వేయాలో తెలుసు, అంతే.

మేడం కిటికీలోంచి క్వార్టర్ల నల్లా వైపు చూపించింది. "నీళ్లు అరగంటే వస్తయి. బిందెలు నలభై. వరస చూసే మనిషి ఉండాలె కద? ఎవరి బిందె ముందు, ఎవరిది ఎంత సేపు, ఆలస్యంగా వచ్చినోళ్లను ఆపాల్నా, పొమ్మనాల్నా. మిషన్ల కూడా పనులన్నీ బిందెలు పట్టుకుని నిలబడతయి. సిస్టమ్ అంటే ఆ మేస్త్రీ."

అది అర్థమయింది. మా నల్లా దగ్గర మేస్త్రీ మారిన ప్రతిసారీ కొట్లాటలు మారేవి.

మూడు డిస్కులకు మూడు రంగుల టేపు చుట్టాను, కలిసిపోకుండా. ఎర్ర టేపు ఇప్పుడున్న పాత సిస్టమ్‌కి. నీలం టేపు అదే కంపెనీ మూతపడే ముందు ఇచ్చిన చివరిదానికి. నల్ల టేపు మూడోదానికి. దాన్ని ఏ కంపెనీ చేయలేదట. దేశదేశాల్లో ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని తలా కొంత రాసి, ఎవరైనా వాడుకోండి అని వదిలేశారట. అది పాతదాని వేషం కట్టి, పద్మనాభం సారు ప్రోగ్రామును కూడా నమ్మించి నడిపిస్తుందట.

"వేషం కడితే ప్రోగ్రాముకు తెల్వదా?"

"తెల్వదు."

నాకు నవ్వొచ్చింది.

"కానీ కాకా, పెద్దమ్మ పట్టిక మొత్తం ఈ పాత డిస్కులోనే ఉంది. ఇది ఒక్కసారి మొత్తం చదవనిస్తే గొప్ప. ఏ డిస్కుకు దించాల్నో ముందే తేల్చుకోవాలె. ఇప్పుడు కొంచెం కొంచెం పెట్టి చూద్దాం."

బుధవారం పదకొండు గంటలకు ఈదమ్మ వచ్చింది, జొన్నరొట్టెల డబ్బా పట్టుకుని. నా స్టూలు మీద కూర్చుని పట్టీ కట్టుకుంది. నేను ఎర్ర డిస్కు పెట్టి, స్విచ్చులు వరసగా వేసి, నలభై దాకా లెక్కపెట్టాను.

"ఏం బిడ్డా, మీ అమ్మ మోకాళ్లెట్లున్నయి?" అంది మాటల డబ్బా. రోజూ వినే గొంతే. అడిగి ఆగి, ఆలోచించి, మళ్లీ అడిగినట్టుగా. ఆపరేషన్ తర్వాత ఈదమ్మ నెమ్మదస్తురాలైందని చుట్టాలంతా అనేవారు. నేనూ అదే అనుకున్నాను.

నీలం డిస్కు పెట్టాం. మాట స్పష్టంగా, పట్నం రేడియోలో చెప్పినట్టు వచ్చింది. కానీ నాలుగు మాటలకు మించి మోయలేదు.

"నుస్రతమ్మా ఆదివారం మా ఇంటికి..." ఆగిపోయింది.

"వచ్చి ఏం చేయాలె పెద్దమ్మా?"

"రొట్టె చేస్త తినిపో..." ఆగిపోయింది. "గీ నీలందానికి నా మాట..."

ఈదమ్మ భుజాలు ఎగరేసి నవ్వింది. ఆ నవ్వుకు శబ్దం ఎప్పుడూ లేదు. పట్టీ నవ్వును పట్టదు. నీలం డిస్కు తీసి పక్కన పెట్టాను.

నల్లది పెట్టాం. నేను నలభై లెక్కపెట్టక ముందే మిషను సిద్ధమైంది. అది నాకు కొంచెం నచ్చలేదు.

"రొట్టెలు వేడి మీదున్నయి, తినుండ్రి," అంది డబ్బా, ఆమె పెదవి కదిలీ కదలక ముందే. వెంటనే, "ఎంత చిక్కిపోయిందమ్మా ఈ పిల్ల, బొక్కలు తేలినయి, రంగేసుకున్నా తెల్లెంట్రుకలు దాగుతలేవు," అంది.

ఈదమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రెండో మాట ఆమె అనలేదు. అనబోయి ఆపుకుంది. ఆపుకున్నదాన్ని కూడా నల్లది పట్టేసింది.

నుస్రత్ మేడం పొట్ట పట్టుకుని నవ్వింది. "పెద్దమ్మా, ఇరవై ఏండ్ల సంది ఇవన్నీ మనసులనే పెట్టుకున్నవా?"

"తప్పు బిడ్డా, ఊకనే అనుకున్న. యాభై నిండినా ఇంక పిల్లేంది. అయ్యో ఇది కూడనా!" అంది డబ్బా. ఈదమ్మ కూడా నవ్వింది. కాసేపు ఆ గదిలో అంతా ఆటలాగా ఉంది. ఆమె గోడ మీది గడియారాన్ని చూసి ఒకటి అనుకునేది, డబ్బా చెప్పేసేది. నా చొక్కా కాలరు మురికి గురించి చెప్పింది. తన ఆడబిడ్డ వండే పప్పు గురించి చెప్పింది. నేను కూడా ముందుకు వంగి విన్నాను. ఒక మనిషి తల లోపల ఇంత సందడి ఉంటుందని నాకు తెలియదు. నా తలలో అంత ఉండదు.

"ఏది పెట్టమంటరు కాకా?" అంది మేడం, నావైపు తిరిగి. "మీరు ఊ అంటే రేపు పొద్దున్నే దించుడు మొదలు పెడతా."

"ఎర్రది," అన్నాను.

డబ్బా మాట్లాడింది.

"మల్ల నన్ను అడగలే."

ఈదమ్మ పెదవులు మూసుకునే ఉన్నాయి.

"అప్పుడు రెండు దార్లుండె. కోసుడొకటి, పుండుకు కరెంటు పెట్టి కాల్చుడొకటి. దవాఖాన్ల ఆయమ్మ చెప్పింది నాకు. ఈయన సంతకం పెట్టిండు. నన్నొక్క మాట అడగలే. నా గొంతు..."

ఈదమ్మ పట్టీ లాగి పారేసింది. రాగి చుక్కలు నేల మీద తగిలి టకటకమన్నాయి. రొట్టెల డబ్బా అక్కడే వదిలి వెళ్లిపోయింది. నుస్రత్ మేడం పట్టీ ఎత్తి, దులిపి, బల్ల మీద పెట్టింది.

గురువారం నేను మిషన్ గదికి వెళ్లేసరికి మేడం తెర ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది.

"కాకా, ఒక సంగతి దొరికింది. ఎర్రదాంట్ల పెద్దమ్మ మింగిన మాటలు ఎందుకు రాలేదో తెలిసింది. రండి, చూడండి."

తెర మీద పేర్లు పరుగెడుతున్నాయి. నాకు ఇంగ్లీషు రాదు. ఆవిడే చదివింది.

"హాజరు పట్టీ."

అప్పుడు గుర్తొచ్చింది. ఈదమ్మ పట్టీ కట్టిన ఏడాదే గేటు దగ్గర కార్డు గీకే డబ్బా పెట్టారు. హాజరు చూసేందుకు వేరే కంప్యూటరు కావాలని పద్మనాభం సారు రాశారు. మంజూరు కాలేదు. ఉన్నదాంట్లోనే కానివ్వమని పైనుంచి వచ్చింది. హాజరు పని ముందు, మిగతావి తర్వాత, అని కూడా రాసి పంపారు. సారు తిట్టుకుంటూ అలాగే పెట్టారు. తర్వాత గేటుకు వేలిముద్రల మిషను వచ్చింది. ఈ పాతదాన్ని ఆపమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"రెండు వందల పన్నెండు మంది. ఇప్పటికీ ఒక్కొక్కరినే పిలుస్తనే ఉంది. ఎవరూ పలకరు. మళ్లీ మొదటి నుంచి పిలుస్తది. పద్మనాభం, గైర్హాజరు. నారాయణరావు, గైర్హాజరు. ఇదిగో, మీరు. జంగయ్య, గైర్హాజరు."

నేను స్టూలు మీదే ఉన్నాను.

"గట్టిగా అన్న మాట వరసల నిలబడి ఆలస్యంగానైనా వస్తది. మింగిన మాట బలహీనం కద, పిలుపు అయ్యేదాకా ఆగలేక రాలిపోతది. పెద్దమ్మ నెమ్మదస్తురాలు కాదు కాకా. హాజరు పట్టీ వెనుక నిలబడ్డది, అంతే. ఇరవై ఏండ్లు."

నేను ఆ పేర్లను చాలాసేపు చూశాను. సగం మంది పాడెలను భుజం మీద మోసిన గుర్తు. ఆ పిలుపు నేను రోజూ వింటూనే ఉన్నాను, డిస్కు వెతికే చప్పుడు అనుకుంటూ.

"నల్లదాంట్ల హాజరు పట్టీ లేదు. అందుకే అన్నీ వచ్చేస్తున్నయి," అంది మేడం. తర్వాత గొంతు తగ్గించింది. "ఎర్రది పెడితే మీకు సుఖం. ఎంత కాలమో చెప్పలేను. నల్లది పెడితే పెద్దమ్మ ఉన్నంత కాలం మాట ఉంటది. కానీ కడుపుల ఏదీ దాగదు. డిస్కు ఇంకో రెండు రోజులు ఓర్చుకుంటే ఎక్కువ. ఎవరో ఒకరు చెప్పాలె."

"నేను చెప్ప," అన్నాను. "ఆమెనే అడుగుత."

ఇల్లు నిన్నటి నుంచి నిశ్శబ్దంగా ఉంది. ఈదమ్మ పట్టీ కట్టుకోవడం లేదు. నేను ఎప్పుడూ తక్కువ మాట్లాడేవాణ్ణి. ఆమె మాట్లాడుతూ ఉండడం వల్ల ఆ సంగతి బయట పడలేదు. ఇప్పుడు గిన్నె కింద పెట్టినా వినబడుతోంది.

ఆమె అరుగు మీద కూర్చుని గోంగూర తెంపుతోంది. ఎదురుగా కూర్చున్నాను. మూడు టేపుల డిస్కులూ ముందు పెట్టాను.

అంత పొడుగు మాట నేను జన్మలో మాట్లాడలేదు. నల్లా మేస్త్రీ సంగతి చెప్పాను. ఎర్రది ఎన్నాళ్లుంటుందో తెలియదని చెప్పాను. హాజరు పట్టీ సంగతి చెప్పినప్పుడు ఆమె తెంపడం ఆపింది. చచ్చిపోయినవాళ్లను కూడా పిలుస్తోందని చెప్తే నోరు తెరిచి నావైపు చూసింది. నీలందాని గురించి మర్చిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి చెప్పాను.

"నీ గొంతు. ఏది కావాలె చెప్పు. నువ్వేదంటే అది."

ఆమె ఎర్రదాన్ని ముట్టుకుంది. వదిలేసింది. నల్లదాన్ని ఎత్తి చేతిలో బరువు చూసింది. పెదవులు కదిలించి ఏదో అంది. ఇరవై ఏళ్లలో పెదవులు చదవడం మర్చిపోయాను. మళ్లీ అంది. అర్థం కాలేదు.

"ఏంది?"

చిరాకు పడి లేచి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. పైన తిరుగుతున్న ఫ్యాను చూపించింది. తర్వాత నా వేళ్లు పట్టి గోడ మీది రెగ్యులేటరు మీద పెట్టి, ఐదు నుంచి ఒకటికి తిప్పించింది. ఫ్యాను నెమ్మదించింది. మళ్లీ ఐదుకు తిప్పించింది. తర్వాత నా చెయ్యి తోసేసి, తన చెయ్యి దాని మీద పెట్టి, తన గొంతు చూపించుకుంది.

నేను చెప్పులు వేసుకోకుండానే మిషన్ గదికి పోయాను.

"రెగ్యులేటరా?" నుస్రత్ మేడం నుదురు కొట్టుకుంది. "ఎర్రదా నల్లదా అని మూడు రోజులు నిద్ర లేకుండ చదివిన నేను! సారు ప్రోగ్రామును ముట్టుకోలేం సరే, పక్కన ఇంకో పని పెడితే ఎవరొద్దన్నరు?" ఆవిడ తనలో తాను మాట్లాడుకుంటూ బల్ల మీది కాగితం మీద ఏదో గీకింది. గీకి, నవ్వింది. "కాకా, హాజరు పట్టీ ఉండనే ఉన్నది కద! నల్లదాంట్ల దాన్నే పెడతా. పెద్దమ్మ గుండీ ఇటు తిప్పితే హాజరు ఆగిపోతది, అన్ని మాటలు వస్తయి. అటు తిప్పితే జోరుగా పిలుస్తది, మింగినవి రాలిపోతయి."

"ఆమె చేతుల్ల?"

"ఆమె చేతులనే. ఇంకెవరి చేతుల ఉంటది?"

శుక్రవారం పొద్దున ఏడింటికి దించడం మొదలైంది. నేను స్టూలు మీద కూర్చుని డిస్కు చప్పుడు వింటూ ఉన్నాను. మధ్యాహ్నం ఒకసారి చక్రం రాయి మీద ఇరుక్కుంది. నేను అరచెయ్యి మిషను పక్కన ఆనించాను. ఎందుకో తెలియదు, పనికి వచ్చిందో లేదో కూడా తెలియదు. కాసేపటికి అది కదిలింది. ఆరున్నరకు పట్టిక మొత్తం నల్ల టేపు డిస్కులోకి వచ్చింది. పాతది ఒకసారి కీచుమని, ఆగిపోయింది. దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను.

శనివారం మేడం పాత ఫ్యాను రెగ్యులేటరు డొప్పలో గుండీ ఒకటి బిగించి తెచ్చింది. ఈదమ్మ మంచం పక్కన గోడకు కొట్టి, తీగ కలిపింది. "పెద్దమ్మా, ఇది సున్న, ఇది ఐదు. ఐదు మీదున్నప్పుడు నేను రాను, ముందే చెప్తున్న," అని ఒక రొట్టె తిని వెళ్లిపోయింది.

ఇద్దరమే మిగిలాం. పగటి ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. ఈదమ్మ పట్టీ కట్టుకుంది. గుండీని ఐదుకు తిప్పింది. చివరి దాకా, గట్టిగా. చేతులు ఒళ్లో పెట్టుకుని నాకు ఎదురుగా కూర్చుంది.

"చెప్పు," అంది డబ్బా. "ఎందుకు అడగలే? ఇప్పుడన్న చెప్తడా చెప్పడా. లేచిపోతడు. అగో, తువ్వాల సర్దుతున్నడు, లేస్తడు."

తువ్వాలు వదిలేశాను.

"డాక్టరు చెప్పిండు," అన్నాను. "కోస్తే బతుకుతది. కరెంటు పెడితే గొంతుండొచ్చు, మనిషి ఉంటదని చెప్పలేం. గంటల చెప్పుమన్నడు. బయట బెంచీ మీద కూసున్న. లోపలికి వచ్చి నిన్ను అడగాల్నని నాలుగుసార్లు లేచిన."

"మరి?"

"అడిగితే గొంతే కావాలంటవని భయపడ్డ. నువ్వు అంటే కాదనుడు నాతోటి కాదు. అందుకే అడగలే. సంతకం పెట్టిన. నిన్ను ఉంచుకునేటందుకు నీ గల్లీలు అమ్ముకున్న."

డబ్బా మాట్లాడలేదు. ఐదు మీద ఉండి కూడా మాట్లాడలేదు. ఆమె లోపల ఆ క్షణాన మాటే లేదన్నమాట. అలాంటిది ఉంటుందని నేను అనుకోలేదు.

తర్వాత ఆమె మెడలో కండ కొద్దిగా కదలబోయింది. అది మాట కాకముందే ఆమె చెయ్యి చాపింది. గుండీని ఐదు నుంచి నాలుగుకు, మూడుకు, ఒకటికి, సున్నకు తెచ్చింది. అక్కడ మిషన్ గదిలో రెండు వందల పన్నెండు మందిని పిలవడం మొదలైందని నాకు తెలుసు. పట్టీ కింద కండ కదిలింది. మళ్లీ కదిలింది. చాలాసేపు కదిలింది. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి, తడిగా. డబ్బా ఒక్క మాట పలకలేదు.

"ఏమన్నవ్?" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"చెప్పు. ఏమన్నవ్?"

గుండీని సున్న మీదే ఉంచి, ఈసారి పెదవులు విప్పి గట్టిగా అంది. మాట వరసలో నిలబడి, ఆలస్యంగా, నెమ్మదిగా వచ్చింది.

"ఏం లే. ఆ మాట నాదే."

నేను లేవలేదు.